బొరుగుల ఉండ నిలబెట్టగలరా?

ఇరవై కొబ్బరి చీపురు పుల్లలు. గజం పొడవు సెల్లో టేపు. గజం దారం. ఒక బొరుగుల ఉండ. నలుగురు మనుషులు, 18 నిమిషాల టైమ్. వీటితో వీలైనంత ఎత్తుగా ఒక గోపురం కట్టాలి. బొరుగుల ఉండ దాని నెత్తిన కూర్చోవాలి. గోడకు ఆనించకూడదు, పైనుంచి వేలాడదీయకూడదు. టైమ్ అయిపోయాక అందరూ చేతులు తీసేస్తే అది తనంతట తాను నిలబడాలి. అంతే ఆట.

చదవగానే ‘ఓస్, ఇంతేనా’ అనిపిస్తుంది. ఒకసారి కట్టి చూడండి. మామూలుగా జరిగేది ఇది: మొదటి నాలుగైదు నిమిషాలు ‘నేను చెప్తా విను’ అనే వాళ్ల మాటలతో పోతాయి. తర్వాత పది నిమిషాలు పుల్లలకు టేపు చుట్టడం. చివరి నిమిషంలో ఎవరో ఒకరు జాగ్రత్తగా ఉండను తీసి పైన పెడతారు. చేతిలో ఉన్నప్పుడు దూదిపింజలా ఉన్న ఉండ, పుల్లల కొసకు ఎక్కేసరికి బండరాయి అవుతుంది. గోపురం పక్కకు ఒరుగుతుంది. ‘నేను ముందే చెప్పినా కదరా’ అని ఒకరు. ‘ఎప్పుడు చెప్పినావు?’ అని ఇంకొకరు.

ఈ ఆట మనది కాదు. పీటర్ స్కిల్‌మన్ అనే డిజైనర్ మొదలుపెట్టగా, టామ్ వుజెక్ అనే ఆయన 2010లో టెడ్ వేదిక మీద చెప్పిన ప్రసంగంతో ప్రపంచమంతా తిరిగింది. వాళ్లు వాడింది స్పఘెట్టీ పుల్లలు, మార్ష్‌మాలో అనే మెత్తటి మిఠాయి. కర్నూలు కొండారెడ్డి బురుజు దగ్గర, కడప ఏడురోడ్ల కూడలిలో మార్ష్‌మాలో కోసం వెతుక్కోవడం ఎందుకు? బొరుగుల ఉండ అంతకన్నా బాగా పనిచేస్తుంది. తేలిగ్గా కనిపించి మోసం చేసే గుణం దానికీ ఉంది.

కెరీర్ పేజీలో ఆటల గోలేంటి అనుకోవద్దు. విషయం ఉద్యోగాలదే.

లక్ష కొలువులు.. ఏ కుర్చీలో?

2024 ఆగస్టు 28న కేంద్ర మంత్రివర్గం దేశంలో 12 పారిశ్రామిక స్మార్ట్ నగరాలకు ఆమోదం తెలిపింది. అందులో రెండు మన దగ్గరే. కర్నూలు జిల్లా ఓర్వకల్లు 2,621 ఎకరాల్లో, కడప పక్కనే ఉన్న కొప్పర్తి 2,596 ఎకరాల్లో. ఓర్వకల్లుకు రూ.2,786 కోట్లు, కొప్పర్తికి రూ.2,137 కోట్లు. ఉపాధి అంచనా ఓర్వకల్లులో సుమారు 45 వేలు, కొప్పర్తిలో 54,500. 2025 అక్టోబరు 16న ప్రధాని కర్నూలు వచ్చినప్పుడు ఈ రెండింటికీ శంకుస్థాపన జరిగింది. కొప్పర్తిలో సీసీటీవీ కెమెరాలు తయారుచేసే యూనిట్ అంతకుముందే నడుస్తోంది.

లక్ష అన్నది అంచనా మాత్రమే. అంచనాలకూ అపాయింట్‌మెంట్ లెటర్లకూ మధ్య ఉన్న దూరం రాయలసీమ వాళ్లకు కొత్తగా చెప్పక్కర్లేదు. కానీ సగం వచ్చినా, సగంలో సగం వచ్చినా మన ముందుండే ప్రశ్న ఒకటే. ఆ ఫ్యాక్టరీల్లో మన పిల్లలు ఏ కుర్చీలో కూర్చుంటారు? లైన్‌లో నిలబడి ఒకే స్క్రూ బిగించే పనిలోనా? ఆ లైన్ ఎక్కడ ఆగుతోందో పసిగట్టి సరిచేసే సూపర్‌వైజర్ పనిలోనా? మొదటిదానికి రెండు చేతులుంటే చాలు. రెండోదానికి పక్కవాడి మాట వినడం, తప్పును ముందే పట్టుకోవడం, పట్టుకున్నదాన్ని గొడవ పడకుండా చెప్పడం రావాలి. చాలా కాలేజీల్లో ‘సాఫ్ట్ స్కిల్స్’ పేరుతో వారానికి ఒక గంట పీపీటీ చూపించి వదిలేస్తున్నది వీటినే.

ప్రపంచ ఆర్థిక వేదిక 2025లో విడుదల చేసిన ఉద్యోగాల భవిష్యత్తు నివేదిక చూడండి. 2030 నాటికి ఉద్యోగులకు ఇప్పుడున్న కీలక నైపుణ్యాల్లో 39 శాతం మారిపోతాయని అంచనా వేసింది. కంపెనీలు అన్నింటికన్నా ముందు అడుగుతున్నది విశ్లేషించి ఆలోచించే శక్తిని. పదిలో ఏడు కంపెనీలు అది తప్పనిసరి అన్నాయి. దాని తర్వాత పరిస్థితికి తగ్గట్టు మారగలగడం, నలుగురినీ కలుపుకుపోవడం. ఇవేవీ స్లైడు చూసి వచ్చేవి కావు. ఈత గురించి పుస్తకం చదివి కేసీ కెనాల్లో దూకినట్టుంటుంది.

ఓడిపోయేది ఎక్కడ?

వుజెక్ తన వర్క్‌షాపుల్లో చూసినదాని ప్రకారం, ఈ గోపురం ఆటలో అందరికంటే వెనకబడేవాళ్లలో బిజినెస్ స్కూల్ నుంచి అప్పుడే బయటికొచ్చిన వాళ్లు ఉంటారు. వాళ్లకన్నా కిండర్‌గార్టెన్ పిల్లలే ఎత్తుగా కడతారు. కారణం సులువు. పెద్దవాళ్లు ఒక ప్లాన్ గీసి, దానికి అంటిపెట్టుకుని, చివరి క్షణంలో ఉండ పెడతారు. పిల్లలు మొదటి నిమిషంలోనే నాలుగు పుల్లలు గుచ్చి ఉండ పెట్టి చూస్తారు. పడిపోతుంది. మళ్లీ పెడతారు. 18 నిమిషాల్లో పిల్లలు ఐదారు సార్లు పరీక్ష రాసేశారు, పెద్దవాళ్లు ఒకేసారి రాసి తప్పారు.

ఇంకొక ముచ్చట కూడా ఆయనే చెప్పాడు. ఒకసారి డిజైన్ విద్యార్థుల పది జట్లకు ఈ ఆట పెట్టి, గెలిస్తే పదివేల డాలర్ల విలువైన బహుమతి అన్నాడట. ఒక్క గోపురమూ నిలబడలేదు. నాలుగు నెలల తర్వాత అదే విద్యార్థులతో మళ్లీ ఆడిస్తే ఈసారి ఎత్తైన గోపురాలు లేచాయి. బహుమతి పెద్దదైతే నైపుణ్యం దానంతటదే ఊడిపడదు. పైగా ఒత్తిడి పెరిగి ఉన్నది కూడా పోతుంది.

మన ప్లేస్‌మెంట్ సీజన్ అచ్చం ఇదే. మూడేళ్లు జట్టుగా ఒక్క పనీ చేయకుండా, నాలుగో ఏడు కంపెనీ వచ్చిన రోజు ‘గ్రూప్ డిస్కషన్‌లో దుమ్ము లేపండి’ అంటే ఎక్కడి నుంచి లేస్తుంది? ఫైనలియర్ ప్రాజెక్టు కూడా ఎలా సాగుతుందో మీకు తెలియనిది కాదు. నలుగురి పేర్లుంటాయి, ఒకడు చేస్తాడు, ఒకడు బైండింగ్ చేయిస్తాడు.

ఒక మాట ఒప్పుకోవాలి. వుజెక్ లెక్కలు ఆయన వర్క్‌షాపుల్లో వచ్చినవి, పక్కాగా చేసిన శాస్త్రీయ పరిశోధన కాదు. ‘ఎంబీఏ వాళ్లు పసిపిల్లలకన్నా తక్కువ’ అని ప్రచారం చేసుకోవడానికి వాడకూడదు. ముందే పరీక్షించి చూసుకోవడం అనే పాయింటు మాత్రం ఎవరికి వాళ్లు అరగంటలో రుజువు చేసుకోవచ్చు.

లెగో వాళ్లు కనిపెట్టింది

ఇలాంటి ఆటను ఒక పద్ధతిగా మార్చింది డెన్మార్క్‌కు చెందిన లెగో కంపెనీ. 1932లో బిల్లుండ్ అనే ఊళ్లో ఒక వడ్రంగి చెక్క బొమ్మలతో మొదలుపెట్టిన కంపెనీ అది. ఒకదాని మీద ఒకటి గట్టిగా అతుక్కునే ఇప్పటి ప్లాస్టిక్ ఇటుకకు 1958లో పేటెంటు కోరారు. ఎనిమిది బొడిపెలున్న ఒకే రకం ఇటుకలు ఆరు తీసుకుంటే వాటిని 91 కోట్ల 51 లక్షల 3 వేల 765 రకాలుగా అమర్చవచ్చని డెన్మార్క్ గణిత శాస్త్రవేత్త ఒకరు లెక్క తేల్చారు. ఆరు ఇటుకలు ఇచ్చి ‘ఒక బాతు చేయండి’ అంటే పదిమంది పది రకాల బాతులు చేస్తారు. ఏదీ తప్పు కాదు.

1990ల మధ్యలో ఆ కంపెనీకే ఒక చిక్కొచ్చింది. కంపెనీ భవిష్యత్తు గురించి మీటింగ్ పెడితే కొత్త ఆలోచన ఒక్కటీ రావడం లేదు. స్విట్జర్లాండ్‌లోని ఐఎండీ బిజినెస్ స్కూల్ ప్రొఫెసర్లు యోహాన్ రూస్, బార్ట్ విక్టర్‌లతో కలిసి మేనేజర్ల చేతికే ఇటుకలిచ్చి ‘మీ సమస్యను కట్టి చూపించండి’ అనడం అలా మొదలైంది. దానికి లెగో సీరియస్ ప్లే అని పేరు. 2010లో ఆ పద్ధతిని ఎవరైనా వాడుకునేలా బహిరంగంగా విడుదల చేశారు.

అందులో కిటుకంతా నాలుగు మెట్లే. నడిపించేవాళ్లు ఒక ప్రశ్న వేస్తారు. ఉదాహరణకు, ‘మీ జట్టులో పని ఎక్కడ ఆగిపోతోంది?’ ప్రతి ఒక్కరూ కొన్ని నిమిషాల్లో తమ జవాబును ఇటుకలతో కడతారు. తర్వాత ఒక్కొక్కరూ తాము కట్టినదాని కథ చెబుతారు. మిగతావాళ్లు దాని గురించి అడుగుతారు. మనిషి గురించి కాదు, బొమ్మ గురించి అడగాలి. ‘నువ్వెందుకు ఇలా ఆలోచిస్తున్నావు’ అనకూడదు. ‘ఈ ఎర్ర ఇటుక ఎందుకు విడిగా ఉంది’ అనాలి. తేడా చిన్నదిగా కనిపిస్తుంది గానీ గొడవ కాకుండా ఆపేది అదే.

ఇంకో నియమం ఉంది. అందరూ కట్టాలి, అందరూ చెప్పాలి. ‘నాకేం లేదు సార్, వాడు చెప్పిందే నాదీ’ అనే దారి మూసేశారు.

ముగ్గుపిండి, చింతపిక్కలు

డెన్మార్క్ నుంచి వచ్చింది కాబట్టి గొప్పదని నేననడం లేదు. ఇలాంటి పనే, ఇంకా కష్టమైన చోట, మన పల్లెల్లో జరిగింది. 1990ల్లో మీ ఊళ్లో వాటర్‌షెడ్ మీటింగులు, ఆ తర్వాత వెలుగు మీటింగులు జరిగే ఉంటాయి. పాత సంఘమిత్రలను, ఊళ్లో పెద్దమ్మలను అడగండి. రచ్చబండ ముందు నేల మీద ముగ్గుపిండితో ఊరి పటం గీసేవాళ్లు. వీధులు, బావులు, చెరువు, ఎవరి ఇల్లు ఎక్కడ. తర్వాత చింతపిక్కలో గులకరాళ్లో పెట్టి లెక్క చూపించేవాళ్లు. ఏ ఇంట్లో గింజలు ఎన్ని నెలలకు సరిపోతాయి, ఏ బావిలో నీళ్లు ఎప్పుడు ఎండుతాయి, ఎవరు నిజంగా పేదవాళ్లు.

దాన్ని అధికారిక భాషలో భాగస్వామ్య గ్రామీణ పరిశీలన అంటారు. ఆ పద్ధతికి ప్రపంచమంతా పేరు తెచ్చిన రాబర్ట్ ఛాంబర్స్ అనే ఇంగ్లండ్ పరిశోధకుడు 1989 నుంచి 1991 వరకు హైదరాబాద్‌లోని అడ్మినిస్ట్రేటివ్ స్టాఫ్ కాలేజీలోనే ఉన్నారు. లెగో వాళ్లు మేనేజర్ల చేతికి ఇటుకలు ఇవ్వకముందే మన దగ్గర చదువురాని ఆడవాళ్ల చేతికి చింతపిక్కలు వచ్చాయన్నమాట.

అది ఎందుకు పనిచేసిందో గమనించండి. కుర్చీ వేసుకుని ఆఫీసరు మాట్లాడితే సర్పంచి జవాబిస్తాడు, మిగతావాళ్లు తలూపుతారు. పటం నేల మీదుంటే అందరూ చుట్టూ గొంతుక్కూర్చుంటారు. అందరి కళ్లూ పటం మీదే. ఎదురు మాట్లాడితే పెద్దాయనను కాదన్నట్టు ఉండదు, పిక్కను ఇంకో చోటికి జరిపినట్టు ఉంటుంది. ‘ఆ ఇంటికి రెండు కాదన్నా, ఒకటే’ అని ఒకామె చేయి చాపి జరిపేస్తుంది. నోరు తెరవడానికి ధైర్యం లేనివాళ్లకు చేయి చాపే ధైర్యం ఉంటుంది.

ఇప్పుడు పారిశ్రామిక నగరం లేస్తున్న ఓర్వకల్లు ఈ దేశానికి ఒకప్పుడు తెలిసింది వేరే పేరుతో. పొదుపు మహిళల ఊరని. 1995లో ఐక్యరాజ్యసమితి అభివృద్ధి సంస్థ సాయంతో కర్నూలు, మహబూబ్‌నగర్, అనంతపురం జిల్లాల్లో పేదరిక నిర్మూలన కార్యక్రమం మొదలైనప్పుడు ఓర్వకల్లు మండలం ఆడవాళ్లు సంఘాలు కట్టుకుని, వాటిని మండల సమాఖ్యగా నిలబెట్టారు. గుండ్రంగా కూర్చోవడం, ఒకరి తర్వాత ఒకరు మాట్లాడటం, లెక్క అందరి ముందూ చెప్పడం. ఇవాళ కంపెనీలు వేలకు వేలు ఫీజు కట్టి నేర్పిస్తున్న టీమ్‌వర్క్‌లో ముఖ్యమైన భాగం అదే. ఆ ఇళ్ల పిల్లలే ఇప్పుడు డిప్లొమాలు, బీటెక్‌లు చదివి అదే మండలంలో ఉద్యోగానికి దరఖాస్తు పెట్టుకోబోతున్నారు. అమ్మ సంఘంలో ఏం చేసిందో అడిగి తెలుసుకున్నవాళ్లు వాళ్లలో ఎందరు?

భాష దగ్గరే అసలు పోటీ

నా లెక్కలో ఈ కట్టే ఆటల వల్ల మన జిల్లాల పిల్లలకు అన్నింటికన్నా పెద్ద లాభం ఇది. గ్రూప్ డిస్కషన్‌ను చూడండి. ఇంగ్లిష్ గడగడా వచ్చినవాడు మొదటి నిమిషంలోనే టేబుల్ లాక్కుంటాడు. ఆదోని, ఆలూరు, జమ్మలమడుగు, బద్వేలు వైపు నుంచి ప్రభుత్వ బడిలో చదివి వచ్చినవాళ్లకు విషయం తెలిసీ వాక్యం మొదలుపెట్టేలోపు టాపిక్ మారిపోతుంది. ఇడుపులపాయ ట్రిపుల్ ఐటీలో పదో తరగతి తర్వాత నేరుగా చేరే పల్లె పిల్లలను అడిగితే ఈ ఇబ్బంది ఎలా ఉంటుందో వాళ్లే చెబుతారు.

అదే ముందు కట్టి, తర్వాత మాట్లాడమంటే ఆట మారుతుంది. ఐదు నిమిషాలు అందరి చేతులూ పనిలో ఉంటాయి, గట్టిగా మాట్లాడేవాడికి అడ్వాంటేజ్ లేదు. మీ వంతు వచ్చేసరికి చెప్పాల్సింది మీ ముందు బొమ్మగా కూర్చుని ఉంటుంది. ‘ఇది మా జట్టు. ఇక్కడ పని ఆగుతోంది. ఈ ముక్క తీసి ఇక్కడ పెడితే కదులుతుంది.’ మొదట తెలుగులో చెప్పండి. రెండోసారి ఇంగ్లిష్‌లో చెప్పండి. గాల్లో ఉన్న ఆలోచనను ఇంగ్లిష్‌లోకి మార్చడం కష్టం. కళ్ల ముందున్న వస్తువును చూపిస్తూ చెప్పడానికి చిన్న చిన్న వాక్యాలు చాలు, తప్పు పోయినా అర్థమవుతుంది.

ఆడపిల్లల విషయం కూడా చెప్పుకోవాలి. ఏ మిక్స్‌డ్ బ్యాచ్‌కైనా గోపురం ఆట పెట్టి దూరంగా నిలబడి చూడండి. కట్టేది అబ్బాయిలు, టేపు కత్తిరించి ఇచ్చేది, టైమ్ చూసేది, పేపర్ మీద రాసేది అమ్మాయిలు. ఎవరూ అలా చేయమని చెప్పరు. అలవాటుగా జరిగిపోతుంది. సీరియస్ ప్లేలోని ‘అందరూ కట్టాలి’ నియమం ఇందుకే పనికొస్తుంది. లేదా నాలుగు నిమిషాలకోసారి పనులు మార్చుకోవాలని ముందే పెట్టుకోండి. ఓడిపోయిన జట్టులో ఉన్నా, చేత్తో కట్టిన అమ్మాయికి ఇంటర్వ్యూలో చెప్పడానికి సొంత కథ ఉంటుంది.

పేపర్ పడవల ఫ్యాక్టరీ

ఐటీఐ, డిప్లొమా వాళ్లకు గోపురం కన్నా ఈ ఆట ఎక్కువ పనికొస్తుంది. ఖర్చు పాత నోట్‌బుక్ ఒకటి.

నలుగురు వరుసగా కూర్చోండి. పేపర్ పడవ మడతలను నాలుగు భాగాలు చేసి, ఒక్కొక్కరికి సుమారు పది సెకన్ల పని వచ్చేలా పంచుకోండి. మొదటి రౌండులో ప్రతి ఒక్కరూ ఐదు కాగితాల మీద తమ మడత పూర్తిచేశాకే, ఐదింటినీ కట్టగా పక్కవాళ్లకు ఇవ్వాలి. లెక్క చూడండి. ఒక్కొక్కరి దగ్గర 50 సెకన్లు, నలుగురి దగ్గర 200 సెకన్లు. మొదటి పడవ బయటికి వచ్చేసరికే 160 సెకన్లు అయిపోతాయి. రెండో రౌండులో ఒక కాగితం మడవగానే పక్కవాళ్లకు ఇచ్చేయండి. మొదటి పడవ 40వ సెకనులో వస్తుంది, ఐదోది 80వ సెకనులో. అదే మనుషులు, అదే వేగం. ఎవరూ చెమటోడ్చలేదు.

ఇప్పుడు మొదటి మనిషి మడత తప్పు వేశాడనుకోండి. మొదటి రౌండులో ఆ తప్పు బయటపడేసరికి ఐదు కాగితాలూ పాడైపోయి ఉంటాయి. రెండో రౌండులో ఒకటో రెండో పోతాయి. ఫ్యాక్టరీల్లో లీన్ అనే పద్ధతి వెనక ఉన్న మూల సూత్రం ఇదే. మామూలుగా ఇంజినీర్లకు దీన్ని నేర్పేటప్పుడు లెగో కార్లో విమానాలో కట్టిస్తారు, మనకు పడవ చాలు. మూడో రౌండులో ఒకరికి మాత్రం 20 సెకన్ల పని ఇవ్వండి. కుప్ప ఎక్కడ పేరుకుంటుందో, పక్కవాళ్లు అతన్ని ఎలా తిట్టుకుంటారో చూడండి. తప్పు మనిషిదా, పని పంచిన తీరుదా? ఈ ప్రశ్నకు సొంతంగా జవాబు కనుక్కున్న కుర్రాడు, కెమెరాలు తయారయ్యే లైన్ ముందు నిలబడితే వేరేగా చూస్తాడు.

బీరువాలో కిట్టు

ప్రభుత్వమూ ఇటువైపే అడుగులు వేస్తోంది, కనీసం కాగితం మీద. నీతి ఆయోగ్ కింద అటల్ ఇన్నోవేషన్ మిషన్ 2016లో మొదలై, దేశంలో పదివేల బడుల్లో అటల్ టింకరింగ్ ల్యాబులు పెట్టింది. ఎంపికైన బడికి రూ.20 లక్షల వరకు గ్రాంటు. సెన్సర్లు, మోటార్లు, త్రీడీ ప్రింటరు. ఆరో తరగతి నుంచి పన్నెండు వరకు పిల్లలు విప్పి, బిగించి, పాడుచేసి నేర్చుకోవాలన్నది ఉద్దేశం. 2025-26 కేంద్ర బడ్జెట్లో వచ్చే ఐదేళ్లలో ప్రభుత్వ బడుల్లో మరో 50 వేలు పెడతామన్నారు. ఇంజినీరింగ్‌లో చేరినవాళ్లకు ఏఐసీటీఈ మూడు వారాల ఇండక్షన్ ప్రోగ్రామ్ పెట్టమంది. కర్నూలు జగన్నాథగట్టు మీద ఉన్న ట్రిపుల్ ఐటీ పేరులోనే డిజైన్, తయారీ ఉన్నాయి.

‘పాడుచేసి’ అన్న మాట దగ్గరే మన వ్యవస్థకు ఊపిరాడదు. ఖరీదైన కిట్టు వస్తే రిజిస్టర్లో ఎక్కించి బీరువాలో పెట్టి తాళం వేయడం మనకు అలవాటు. ముక్క పోతే ఎవరు కట్టాలి? ఆడిట్ వస్తే ఎవరు చెప్పాలి? టీచరు భయం టీచరుది, అందులో న్యాయమూ ఉంది. అందుకే నాకు చవక సామాన్ల మీద నమ్మకం ఎక్కువ.

ఈ దారిలో అందరికన్నా ముందు నడిచింది అర్వింద్ గుప్తా. కాన్పూర్ ఐఐటీలో ఇంజినీరింగ్ చదివి, టెల్కోలో లారీల తయారీ పనిచేసిన మనిషి. 1970ల చివర్లో మధ్యప్రదేశ్‌లోని హోషంగాబాద్ సైన్సు బోధన కార్యక్రమానికి వెళ్లి, అక్కడి సంతలో దొరికే సైకిల్ వాల్వ్ ట్యూబు ముక్కలు, అగ్గిపుల్లలతో కట్టే బొమ్మలు తయారుచేశారు. 2018లో పద్మశ్రీ వచ్చింది. మూడు అగ్గిపుల్లలను ట్యూబు ముక్కలతో కలిపితే త్రిభుజం. ఎటు నొక్కినా ఆకారం మారదు. నాలుగు కలిపితే చతురస్రం, వేలితో తోస్తే పక్కకు వాలిపోతుంది. మధ్యలో ఒక ఏటవాలు పుల్ల పెడితే మళ్లీ బిగుసుకుంటుంది. హైటెన్షన్ కరెంటు టవర్ల నిండా త్రిభుజాలే ఎందుకుంటాయో కర్నూలు సోలార్ పార్కు దారిలో వెళ్లేటప్పుడు ఈసారి చూడండి. బొరుగుల ఉండ గోపురం ఎందుకు పడిపోయిందో కూడా అక్కడే తెలుస్తుంది.

మా చిన్నప్పుడు జొన్నదంటు బెండుతో ఎద్దులబండ్లు కట్టేవాళ్లం. పాత హవాయి చెప్పులు కోసి చక్రాలు. కర్నూలు పడమటి పల్లెల్లో మట్టెద్దుల అమావాస్యకు పిల్లలు బంకమట్టితో ఎద్దులను చేస్తారు. ఒకడి బండికి చక్రం వంకరైతే పక్కవాడు వచ్చి ఇరుసు సరిచేసేవాడు, దానికి బదులుగా తన బండికి కాడి అడిగేవాడు. అదే సూపర్‌వైజర్ ట్రైనింగ్ అని మాకప్పుడు ఎవరూ సర్టిఫికెట్ ఇవ్వలేదు.

ఆట ఆడితే సరిపోదు

ఇక్కడ ఒక హెచ్చరిక. ఈ మధ్య ఇలాంటి వర్క్‌షాపులు వ్యాపారంగానూ మారాయి. ఒక పూట ఆడించి, ఫొటోలు దిగి, సర్టిఫికెట్ చేతిలో పెట్టి తలకు ఇంతని వసూలు చేసేవాళ్లు ఉంటారు. అచ్చమైన లెగో సీరియస్ ప్లే కిట్లు వేలల్లో ఉంటాయి. మీ కాలేజీ కొనిస్తే సరే. మీ జేబులోంచి కట్టమంటే ఆలోచించండి. రెజ్యూమెలో ‘సర్టిఫైడ్ ఇన్ ప్లేఫుల్ లీడర్‌షిప్’ అని చూసి ఉద్యోగం ఇచ్చే హెచ్‌ఆర్ మేనేజర్ ఉంటాడని నేననుకోను.

ఆటలో నేర్పు ఆట అయిపోయాక వస్తుంది. 18 నిమిషాల ఆటకు కనీసం అరగంట మాటలుండాలి. ఏం జరిగింది? ఉండ ఎప్పుడు పెట్టాలో ఎవరు నిర్ణయించారు? ఎవరి ఆలోచన ఎవరూ వినలేదు, ఎందుకు వినలేదు? రేపు మళ్లీ కడితే మొదటి నిమిషంలో ఏం మారుస్తాం? ఈ మాటలు లేకపోతే అది పిక్నిక్కే. పిక్నిక్ తప్పు కాదు, దానికి స్కిల్ డెవలప్‌మెంట్ అని పేరు పెట్టడం తప్పు.

రెండోది, ఇది చేతిపనికి బదులు కాదు. సోల్డరింగ్ రాని వాడికి గోపురం కట్టడం వచ్చినంత మాత్రాన కొప్పర్తిలో ఎవరూ పని ఇవ్వరు. మల్టీమీటర్ పట్టడం, డ్రాయింగ్ చదవడం, ఎక్సెల్‌లో లెక్క వేయడం ముందు రావాలి. ఆట ఉపయోగపడేది ఆ పని తెలిసిన నలుగురు కలిసినప్పుడు.

మూడోది కంపెనీలకు. ఇలాంటి ఆట ఒకసారి ఆడించి, అందులో తగ్గి ఉన్నవాళ్లను ‘లీడర్ కాడు’ అని పక్కన పెట్టేయడం దుర్మార్గం. మొదటిసారి ఎవరికైనా గోపురం పడిపోతుంది. పది జట్లవీ పడిపోయిన సంగతి పైన చెప్పుకున్నాం కదా.

శనివారం సాయంత్రం

ఇప్పుడు మీ వంతు. హాస్టల్ గదిలో నలుగురున్నారా? ఎవరి పర్మిషనూ అక్కర్లేదు. వారానికోసారి, ఎనిమిది వారాలు. మొదటి రెండు వారాలు పుల్లల గోపురం, తర్వాత రెండు పడవల లైను, తర్వాత వాల్వ్ ట్యూబు వంతెన. చివరి రెండు వారాలు మీ కాలేజీలో నిజంగా ఉన్న సమస్య ఒకటి తీసుకోండి. మెస్‌లో క్యూ ఎందుకు కదలదు, వేసవిలో నీళ్ల ట్యాంకు ఏ గంటకు ఖాళీ అవుతుంది, ఏ ఊరి బస్సు వాళ్లకు మొదటి క్లాసు ఎప్పుడూ పోతుంది. దాన్ని నేల మీద సుద్దముక్కతో గీసి, చింతపిక్కలు పెట్టి చూపించండి. వార్డెన్‌నో ప్రిన్సిపాల్‌నో పిలిచి ఒకసారి చుట్టూ కూర్చోబెట్టండి. ప్రతి వారం ఎవరు నడిపించారో, ఏం తప్పిందో, తర్వాత ఏం మార్చారో నోట్‌బుక్కులో నాలుగు లైన్లు రాసుకోండి.

ఇంటర్వ్యూలో ‘జట్టుగా పనిచేసిన అనుభవం చెప్పండి’ అని అడిగినప్పుడు సగం మంది ‘ఐ యామ్ ఎ గుడ్ టీమ్ ప్లేయర్’ అంటారు. మీరు ఆ నోట్‌బుక్కు తెరవండి. ‘మొదటి వారం నేను నడిపించాను. ఉండను చివర్లో పెట్టాం, పడిపోయింది. రెండో వారం మూడు నిమిషాలకోసారి పెట్టి చూసుకున్నాం. మెస్ క్యూ విషయంలో ప్లేట్లు కడిగే చోటును జరపమని చెప్పాం, వార్డెన్ ఒప్పుకున్నారు’ అని చెప్పండి. వార్డెన్ ఒప్పుకోకపోతే ఆ సంగతే చెప్పండి, ఎందుకు ఒప్పుకోలేదో కూడా.

గోపురం కూలినప్పుడు కిందపడిన బొరుగుల ఉండ ఎవరికి దక్కాలన్నది మాత్రం ఆటకు ముందే తేల్చుకోండి. మా గదిలో సగం గొడవలు దాని దగ్గరే వచ్చేవి.